ప్యాచింగ్‌కు ముందు మిర్రర్‌లోంచి ఒక బూట్ డిస్క్ లాగేసి దాచుకుంటే సరిపోతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. సన్ ఫైర్ వీ240 సర్వర్, సోలారిస్ 10 ఆపరేటింగ్ సిస్టమ్, రూట్ (ఓఎస్ ఉండే ఫైల్ సిస్టమ్) యూఎఫ్ఎస్ రకం. లోపల ఉన్న రెండు డిస్కులు సోలారిస్ వాల్యూమ్ మేనేజర్‌తో మిర్రర్ అయి ఉన్నాయి, అంటే ఒకే డేటా రెండింటి మీదా పడుతుంది. త్వరలో ప్యాచ్ క్లస్టర్ (ఓఎస్ సవరణల కట్ట) వేయాలి. మీకంటే ముందు ఆ సర్వర్ చూసుకున్నాయన "నడుస్తుండగానే రెండో డిస్క్ లాగి బీరువాలో పెట్టు, ప్యాచ్ తేడా కొడితే అదే పెట్టి బూట్ చెయ్" అని చెప్పి వెళ్లిపోయారు. అదే డిస్క్‌తో స్టోర్‌లో ఖాళీగా ఉన్న ఇంకో వీ240ని స్టాండ్‌బైగా లేపొచ్చా, డిస్క్ పాడైతే మార్చే పద్ధతి కూడా ఇదేనా అని కూడా అడిగారు.

సూటిగా చెప్పాలంటే ఆయన ఆలోచన మంచిదే, పద్ధతి మాత్రం కాదు. డిస్క్‌ను ముందు కమాండ్‌తో విడదీయాలి, ఆ తర్వాతే చేత్తో లాగాలి. విడదీశాక దాని మీద మూడు ఫైళ్లు సరిచేసి, బూట్ ఆర్కైవ్ (బూట్ మొదట్లో కెర్నల్‌కు కావాల్సిన ఫైళ్ల మూట) మళ్లీ కట్టి, బూట్ బ్లాక్ (డిస్క్ నుంచి బూట్‌ను మొదలుపెట్టే చిన్న ప్రోగ్రామ్) వేసి, దాన్నుంచి ఒకసారి బూట్ చేసి చూడాలి. ఇంకో వీ240లో పెట్టడం కుదురుతుంది, నెట్‌వర్క్ కేబుల్ పీకేసి మొదలుపెడితే. పాడైన డిస్క్ మార్చడం మాత్రం వేరే పని, కింద విడిగా రాశాను. కమాండ్ల పేర్లు పలికేటట్టే రాస్తున్నాను, టైప్ చేసేముందు మ్యాన్ పేజీ ఒకసారి చూసుకోండి.

నడుస్తుండగా లాగితే ఏమవుతుందో ముందు చూద్దాం. లాగిన క్షణానికి ఆ డిస్క్ మీద ఉన్నది, కరెంటు పోయినప్పుడు మిగిలే స్థితి. యూఎఫ్ఎస్ లాగింగ్ (మార్పులను ముందు చిట్టాలో రాసుకోవడం) ఆన్‌లో ఉంటే ఫైల్ సిస్టమ్ నిర్మాణం వరకు గట్టెక్కుతుంది. మీ డేటాబేస్ ఫైళ్ల సంగతి దానికి పట్టదు. పైగా రూట్, వార్, ఆప్ట్ అనే ఫైల్ సిస్టమ్‌లు వేర్వేరు మిర్రర్లుగా ఉంటే, అన్నిట్లోనూ రాతలు సగంలో ఆగిపోయి ఉంటాయి.

ఇక రెప్లికాల గొడవ. వాల్యూమ్ మేనేజర్ తన లెక్కలన్నీ స్టేట్ డేటాబేస్ రెప్లికాల్లో, అంటే ఒకే చిట్టాకు తీసిపెట్టుకున్న కాపీల్లో, రాసుకుంటుంది. చాలా చోట్ల ఒక్కో డిస్క్‌లో స్లైస్ 7 (డిస్క్‌ను విభజించిన భాగాల్లో ఒకటి) మీద 3, మొత్తం 6 ఉంటాయి. నడుస్తున్న సర్వర్‌కు అందులో సగం ఉంటే చాలు, సగం కన్నా తగ్గితే ప్యానిక్ అవుతుంది, అంటే కెర్నల్ తనంతట తానే ఆగిపోతుంది. కానీ మల్టీయూజర్ మోడ్‌లోకి బూట్ కావాలంటే సగం కన్నా ఒకటి ఎక్కువ కావాలి. అంటే డిస్క్ లాగాక సర్వర్ హాయిగా నడుస్తూనే ఉంటుంది, ప్యాచ్‌లు వేసి రీబూట్ చేసిన రాత్రి మాత్రం "రెప్లికాలు చాలవు" అని సింగిల్ యూజర్‌లో (మరమ్మతు కోసం ఉండే మోడ్‌లో) ఆగిపోతుంది. అప్పుడు మీరు ప్యాచ్ వల్లే పోయిందనుకుని టెన్షన్ పడతారు. ఈటీసీ సిస్టమ్ ఫైల్‌లో (కెర్నల్ సెట్టింగుల ఫైల్) మిర్రర్డ్ రూట్ ఫ్లాగ్ 1 అని పెడితే సగంతోనే బూట్ అవుతుంది. చాలామంది అది పెట్టి వదిలేస్తారు. డిస్కులు విడదీసి మళ్లీ కలిపే అలవాటు ఉన్న చోట నేను దాన్ని పెట్టనివ్వను. ఏ సగానికి ఆ సగం "నేనే అసలు" అనుకుని లేచే అవకాశం ఇస్తుంది అది.

అన్నిటికన్నా ముఖ్యమైనది, ఎక్కువమందికి తట్టనిది ఇది. మిర్రర్ డిస్క్ ఒంటరిగా బతకడానికి రాసిపెట్టిన డిస్క్ కాదు. దాని మీదున్న వీఎఫ్ఎస్‌ట్యాబ్‌లో (ఏ ఫైల్ సిస్టమ్ ఏ డివైస్ మీదుందో చెప్పే ఫైల్) రూట్ అంటే డీ0 మిర్రర్ అని ఉంటుంది. ఈటీసీ సిస్టమ్ ఫైల్‌లో రూట్‌డెవ్ లైన్ కూడా వాల్యూమ్ మేనేజర్ తాలూకు ఎండీ డ్రైవర్‌నే చూపిస్తుంది. ఉమ్మడి కుటుంబం నుంచి వేరుపడినా రేషన్ కార్డులో పాత పేర్లే ఉన్నట్టు. ఇప్పుడు రెండు డిస్కులూ స్లాట్లలో ఉండగా ఓకే ప్రాంప్ట్‌లో "బూట్ డిస్క్1" కొట్టారనుకోండి. ఓపెన్‌బూట్ (ఓకే ప్రాంప్ట్ చూపించే సర్వర్ ఫర్మ్‌వేర్) డిస్క్1 నుంచే బూట్ బ్లాక్, కెర్నల్ తెస్తుంది. ఆ కెర్నల్ రూట్‌డెవ్ లైన్ చదివి డీ0ని మౌంట్ చేస్తుంది. డీ0లో ఇప్పుడు మిగిలింది డిస్క్0 మాత్రమే. అంటే కెర్నల్ పాతది, ఫైళ్లు ప్యాచ్ అయినవి! మీరేమో పాత డిస్క్ మీద ఉన్నాననుకుంటారు. ఏ డిస్క్ నుంచి బూట్ అయిందో పీఆర్‌టీకాన్ఫ్‌కు వీపీ ఆప్షన్ ఇస్తే బూట్‌పాత్ లైన్‌లో కనిపిస్తుంది, రూట్ ఎక్కడిదో డీఎఫ్ చెబుతుంది. రెండూ ఒకే డిస్క్‌ను చూపించాలి. క్లోన్ (ఇలా విడదీసి దాచుకున్న డిస్క్) టెస్ట్‌లో నేను మొదట చూసేది అదే.

నేను చేసే క్రమం చెబుతాను. మీ డిస్కులు సీ1టీ0డీ0, సీ1టీ1డీ0 అనీ, రూట్ మిర్రర్ డీ0, దాని సబ్‌మిర్రర్లు (మిర్రర్‌లో ఒక్కో డిస్క్ వైపు భాగం) డీ10, డీ20 అనీ అనుకుంటున్నాను.

ముందు మెటాస్టాట్, మిర్రర్ల స్థితి చూపించే కమాండ్. రెండు వైపులా అన్నీ ఓకే అని ఉండాలి. "నీడ్స్ మెయింటెనెన్స్", "లాస్ట్ ఎర్డ్" అనే మాటలు కనిపిస్తే ప్యాచింగ్ సంగతి పక్కన పెట్టి ముందు అది తేల్చండి. ఐఓస్టాట్‌కు ఈఎన్ ఆప్షన్‌లు ఇచ్చి హార్డ్ ఎర్రర్లు కూడా చూడండి. మీరు ఉంచుకోబోయే డిస్క్ లోలోపల చెడిపోయి ఉంటే, బాగున్నదాన్ని విడదీసి చెడ్డదాని మీద ప్యాచింగ్ మొదలుపెట్టినట్టవుతుంది. డిటాచ్ మొరాయిస్తే ఎఫ్ ఆప్షన్‌తో బలవంతం చేయకండి, అది మొరాయించేది సాధారణంగా ఇందుకే. మెటాస్టాట్‌కు పీ ఆప్షన్ ఇచ్చిన ఔట్‌పుట్, పీఆర్‌టీవీటీఓసీ ఔట్‌పుట్ (స్లైస్ పట్టిక), వీఎఫ్ఎస్‌ట్యాబ్ కాపీ ఈ సర్వర్‌లో కాకుండా వేరే చోట దాచండి.

తర్వాత అప్లికేషన్, డేటాబేస్ ఆపేసి, వీలైతే సింగిల్ యూజర్‌లోకి దిగండి. లాక్‌ఎఫ్ఎస్‌కు ఎఫ్ఏ ఆప్షన్‌లు ఇచ్చి బఫర్లన్నీ డిస్క్‌కు దింపండి. వెంటనే అన్ని మిర్రర్ల నుంచి రెండో డిస్క్ సబ్‌మిర్రర్లను వరుసగా మెటాడిటాచ్ చేయండి. ఒక చిన్న స్క్రిప్ట్‌లో రాసుకుంటే వాటి మధ్య వ్యవధి ఉండదు. మెటాఆఫ్‌లైన్ అని ఇంకో కమాండ్ ఉంది, అది దీనికి పనికిరాదు. అది తాత్కాలికంగా పక్కకు పెట్టి, తిరిగి ఆన్‌లైన్ చేసినప్పుడు మారిన భాగాలు మాత్రమే సింక్ చేసుకోవడానికి. అలా పక్కకు పెట్టినదాని నుంచి బూట్ చేసి మీద ఏదైనా రాశారంటే ఆ లెక్క తప్పుతుంది.

విడిపోయిన డీ20 మొదలైనవాటిని మెటాక్లియర్ చేసి, సీ1టీ1డీ0 మీద ఉన్న రెప్లికాలను మెటాడీబీకి డీ ఆప్షన్ ఇచ్చి తీసేయండి. ఇప్పుడు నడుస్తున్న వైపు 3కి 3 రెప్లికాలు ఉన్నట్టే, రీబూట్‌లో ఇబ్బంది రాదు.

ఇక క్లోన్ వైపు పని. స్లైస్ 0కు ఎఫ్ఎస్‌సీకే (ఫైల్ సిస్టమ్ తనిఖీ) నడిపి, ఎంఎన్‌టీ కింద మౌంట్ చేయండి. సరిచేయాల్సిన ఫైళ్లు మూడు. వీఎఫ్ఎస్‌ట్యాబ్‌లో డీ0 లాంటి మెటాడివైస్ పేర్లన్నీ తీసి సీ1టీ1డీ0 స్లైస్ పేర్లు పెట్టాలి, స్వాప్ లైన్ మర్చిపోవద్దు. ఈటీసీ సిస్టమ్ ఫైల్‌లో "బిగిన్ ఎండీడీ రూట్ ఇన్ఫో" నుంచి "ఎండ్" వరకు ఉన్న లైన్లు తీసేయాలి. కెర్నల్ డ్రైవర్ డైరెక్టరీలోని ఎండీ డాట్ కాన్ఫ్‌లో రెప్లికాల చిరునామాలున్న బూట్‌లిస్ట్ లైన్లు తీసేయాలి. మీ డేటా డిస్కులు కూడా ఇదే వాల్యూమ్ మేనేజర్ కింద ఉంటే ఈ మూడోదాని దగ్గర ఆగండి. రెప్లికాలు లేకుండా లేచిన క్లోన్‌కు ఆ మెటాడివైస్‌లు కనిపించవు. అలాంటి చోట వీఎఫ్ఎస్‌ట్యాబ్‌లో డేటా లైన్లను కామెంట్‌లో పెట్టి ముందు ఓఎస్ వరకే లేపుతాను.

బూట్ ఆర్కైవ్ దగ్గర చాలామంది దెబ్బతింటారు. సోలారిస్ 10 10/08 విడుదల నుంచి స్పార్క్‌లో (వీ240లో ఉండే ప్రాసెసర్ రకం) కూడా బూట్ ఆర్కైవ్ వచ్చింది. మీరు దిద్దిన సిస్టమ్ ఫైల్, ఎండీ డాట్ కాన్ఫ్ ఆ ఆర్కైవ్‌లో ఇంకా పాతవే ఉంటాయి. బూట్‌యాడ్మ్ అప్‌డేట్ ఆర్కైవ్ కమాండ్‌కు ఆర్ ఆప్షన్‌తో ఎంఎన్‌టీ దారి ఇచ్చి మళ్లీ కట్టించాలి. నెట్‌లో దొరికే పాత గైడ్లు చాలావరకు 2008 కన్నా ముందువి కాబట్టి వాటిలో ఈ అడుగు ఉండదు. గైడ్ ప్రకారం అన్నీ చేసినా ఇంకా డీ0నే అడుగుతోందంటే కారణం ఇదే అయ్యుంటుంది.

చివరగా అన్‌మౌంట్ చేసి, ఇన్‌స్టాల్‌బూట్‌తో సీ1టీ1డీ0 స్లైస్ 0 మీద బూట్ బ్లాక్ వేయండి. మిర్రర్ సింక్‌లో అదే వచ్చేసి ఉంటుందని నమ్ముకోవద్దు. ఒక క్లయింట్ దగ్గర ఏళ్ల తరబడి మెటాస్టాట్‌లో అంతా ఓకే చూపించిన సర్వర్, మొదటి డిస్క్ పోయిన రోజున రెండోదాన్నుంచి లేవలేదు. "ద ఫైల్ జస్ట్ లోడెడ్ డజ్ నాట్ అపియర్ టు బీ ఎగ్జిక్యూటబుల్" అన్న మెసేజ్ ఇచ్చి ఓకే ప్రాంప్ట్‌లో కూర్చుంది. మిర్రర్ కట్టినవాళ్లు రెండో డిస్క్‌కు బూట్ బ్లాక్ వేయలేదు, ఎవరూ దాన్నుంచి బూట్ చేసి చూడలేదు. సీడీతో లేపి బూట్ బ్లాక్ వేస్తే సరిపోయింది గానీ, ఆ సీడీ వెతకడానికి పట్టిన సమయమే ఎక్కువ.

ఇప్పుడు డిస్క్1 నుంచి బూట్ చేసి చూడండి. బూట్‌పాత్, డీఎఫ్ రెండూ సరిపోలాయా, డంప్‌యాడ్మ్ డంప్ డివైస్ (ప్యానిక్ అయినప్పుడు మెమరీని రాసిపెట్టే చోటు) లేదని గోల పెడుతోందా చూసుకోండి. పెడితే స్వాప్ అని మార్చేయండి. అన్నీ బాగుంటే తిరిగి డిస్క్0 మీదకు వచ్చి ప్యాచింగ్ మొదలుపెట్టండి. క్లోన్‌ను లాగి బీరువాలో పెట్టాలా, స్లాట్‌లోనే ఉంచాలా? నేనైతే స్లాట్‌లోనే ఉంచుతాను. రిమోట్ కన్సోల్ నుంచే వెనక్కి రావొచ్చు, అర్ధరాత్రి ఎవరినీ డేటా సెంటర్‌కు పరిగెత్తించాల్సిన పని ఉండదు.

ప్యాచ్ బాగా పడిందా? కొన్ని రోజులు ఆగి రెప్లికాలు మళ్లీ పెట్టి, డీ20 మళ్లీ సృష్టించి మెట్‌అటాచ్ చేయండి. పడలేదా? సింక్ ఎప్పుడూ మిర్రర్‌లో ఉన్నదాన్నుంచి కొత్తగా అతికించినదానికే వెళ్తుంది. ఒక చోట ప్యాచ్ తర్వాత అప్లికేషన్ లేవలేదు. రాత్రి షిఫ్ట్ వాళ్లు "పాత డిస్క్ కలిపితే పాత స్థితి వస్తుంది" అనుకుని, డిస్క్0 మీద బూట్ అయి ఉండగానే డీ20ని అతికించారు. చెడిన స్థితి వెళ్లి మంచిదాన్ని కప్పేసింది. నన్ను పిలిచేసరికి సింక్ సగం దాటింది. ఇక టేప్ మీద యూఎఫ్ఎస్‌డంప్ బ్యాకప్ ఉండబట్టి బతికారు. వెనక్కి వెళ్లాలంటే ముందు క్లోన్ నుంచి బూట్ అవ్వాలి. డిస్క్0 మీది రెప్లికాలతో పనిలేకుండా డిస్క్1 మీద కొత్త రెప్లికాలు పెట్టాలి. డిస్క్1ను మొదటి సబ్‌మిర్రర్‌గా చేసి మిర్రర్ కట్టి, మెటారూట్ (సిస్టమ్ ఫైల్, వీఎఫ్ఎస్‌ట్యాబ్‌లలో రూట్‌ను మిర్రర్‌గా రాసే కమాండ్) నడిపి, రీబూట్ చేసి, ఆఖరున డిస్క్0ను అతికించాలి.

దీనికి దగ్గరి ప్రమాదం ఇంకోటి ఉంది. రూట్ పాస్‌వర్డ్ మర్చిపోయారనో, వీఎఫ్ఎస్‌ట్యాబ్ తప్పిందనో సీడీతో బూట్ చేసి ఒక సబ్‌మిర్రర్ స్లైస్‌ను మౌంట్ చేసి దిద్దుతారు. వాల్యూమ్ మేనేజర్‌కు ఆ మార్పు తెలియదు, రెండు వైపులూ సమానమేననుకుంటుంది. మామూలుగా అది రెండు డిస్కుల నుంచీ వంతులవారీగా చదువుతుంది. ఒకసారి కొత్త ఫైల్, ఒకసారి పాతది! అక్కడినుంచి ఫైల్ సిస్టమ్ మెల్లగా కుళ్లిపోతుంది, ఏ లాగ్‌లోనూ ఎర్రర్ ఉండదు. సీడీ నుంచి దిద్దాల్సి వస్తే, ముందు ఆ డిస్క్‌ను మిర్రర్ నుంచి తప్పించేలా సిస్టమ్ ఫైల్, వీఎఫ్ఎస్‌ట్యాబ్ మార్చి, బూట్ ఆర్కైవ్ కట్టి, మామూలు స్లైస్ మీద లేచి, రెండో వైపును విడదీసి, మెటారూట్ నడిపి, రీబూట్ చేసి, ఆ తర్వాతే మళ్లీ అతికించండి.

స్టోర్‌లో ఉన్న వీ240 విషయానికి వస్తే, మోడల్ ఒకటే కాబట్టి డివైస్ పాత్‌లు దాదాపు సరిపోతాయి. నెట్‌వర్క్ కేబుల్ లేకుండా సింగిల్ యూజర్‌లో లేపి, నోడ్‌నేమ్, హోస్ట్‌నేమ్ డాట్ బీజీఈ0, హోస్ట్స్ ఫైళ్లు మార్చండి, లేదా సిస్ అన్‌కాన్ఫిగ్ (పేరు, నెట్‌వర్క్ సెట్టింగులు చెరిపేసే కమాండ్) నడిపి మొదటినుంచి అడిగించుకోండి. ఎస్ఎస్‌హెచ్ హోస్ట్ కీలు కొత్తవి చేయండి. అసలు సర్వర్ నడుస్తుండగా అదే ఐపీతో ఇంకోటి లేస్తే వచ్చే గోల మీకు చెప్పక్కర్లేదు. డిస్క్‌తో పాటు రానిది ఒకటుంది: హోస్ట్ ఐడీ, అంటే ఆ సర్వర్ సొంత గుర్తింపు సంఖ్య. వీ240లో హోస్ట్ ఐడీ, మ్యాక్ అడ్రస్, ఓపెన్‌బూట్ సెట్టింగులు సిస్టమ్ కాన్ఫిగరేషన్ కార్డ్‌లో ఉంటాయి. హోస్ట్ ఐడీకి కట్టిన లైసెన్సులున్న సాఫ్ట్‌వేర్ స్టాండ్‌బైలో లేవదు. అసలు సర్వర్ పూర్తిగా చచ్చిపోయి దాని స్థానంలో ఇది రావాలంటే మాత్రం ఆ కార్డ్ కూడా తీసి ఇందులో పెట్టండి, గుర్తింపు మొత్తం వచ్చేస్తుంది.

నడుస్తున్న డిస్క్‌ను డీడీ కమాండ్‌తో కాపీ కొట్టడం గురించి ఎవరైనా సలహా ఇస్తే వద్దనండి. సీడీ నుంచి బూట్ అయి కొడితే సరే. అప్పుడు కూడా రెప్లికాలు కాపీ అయి వస్తాయి, పైన చెప్పిన దిద్దుబాట్లు తప్పవు.

పాడైన డిస్క్ మార్చడం. దాని రెప్లికాలు తీసేయండి, సీఎఫ్‌జీయాడ్మ్‌తో అన్‌కాన్ఫిగర్ చేయండి, తీయొచ్చని నీలం లైట్ వెలిగాక లాగండి. బిజీ అంటే మామూలుగా ఆ డిస్క్ మీద స్వాప్, డంప్ డివైస్ లేదా రెప్లికా ఏదో మిగిలి ఉంది. ఏది లాగాలో అనుమానమైతే ఐఓస్టాట్‌లో కనిపించే సీరియల్ నంబర్‌ను లేబుల్‌తో పోల్చండి, పక్కవాడి మాట మీద లాగొద్దు. కొత్తది పెట్టి కాన్ఫిగర్ చేశాక, మంచి డిస్క్ స్లైస్ పట్టికను పీఆర్‌టీవీటీఓసీతో తీసి ఎఫ్ఎంటీహార్డ్‌తో ఎక్కించండి. 73 జీబీ అని రాసి ఉన్నా కంపెనీని బట్టి సెక్టార్లు కొన్ని తక్కువ ఉండొచ్చు, ముందే చూసుకోండి. రెప్లికాలు పెట్టి, మెటాడెవ్‌యాడ్మ్‌కు యూ ఆప్షన్‌తో డివైస్ ఐడీ కొత్తది చేసి, ఒక్కో మిర్రర్‌కు మెటారీప్లేస్ ఈ ఆప్షన్‌తో నడపండి. ఆఖరున ఇన్‌స్టాల్‌బూట్.

ఇంత చేత్తో చేయడం ఎందుకనిపిస్తే లైవ్ అప్‌గ్రేడ్ ఉంది. ఎల్‌యూక్రియేట్‌కు డిటాచ్, అటాచ్, ప్రిజర్వ్ అనే మాటలు ఇస్తే అదే సబ్‌మిర్రర్‌ను విడదీసి కొత్త బూట్ ఎన్విరాన్‌మెంట్‌గా మలుస్తుంది, ఫైళ్లు కూడా అదే దిద్దుతుంది. ప్యాచ్ ఆ కాపీ మీద వేస్తారు, నడుస్తున్నది అలాగే ఉంటుంది. ఎల్‌యూయాక్టివేట్ తర్వాత రీబూట్ కమాండ్ కొట్టకండి, ఇనిట్ 6 కొట్టాలి, లేకపోతే మార్పిడి స్క్రిప్టులు నడవవు. జెడ్ఎఫ్ఎస్ రూట్ అయితే ఇదంతా స్నాప్‌షాట్‌తో క్షణాల్లో అవుతుంది. కొత్తగా ఇన్‌స్టాల్ చేసే అవకాశం వస్తే యూఎఫ్ఎస్ జోలికి పోవద్దు. ఏఐఎక్స్‌లో ఆల్ట్ డిస్క్ కాపీ, హెచ్‌పీ యూఎక్స్‌లో డీఆర్‌డీ క్లోన్ ఉన్నది కూడా ఈ పనికే.

మీకు డౌన్‌టైమ్ ఒక్క రాత్రే ఉందన్నారు కాబట్టి, క్లోన్ చేసి బూట్ టెస్ట్ చేయడం ఒక రాత్రి, ప్యాచింగ్ ఇంకో రాత్రి అని మీ మేనేజర్‌ను అడగండి. మెటాస్టాట్ పీ ఆప్షన్ ఔట్‌పుట్, వీఎఫ్ఎస్‌ట్యాబ్, ఈటీసీ రిలీజ్ ఫైల్‌లో మొదటి లైన్ ఇక్కడ పెట్టండి. వార్ విడి మిర్రరా కాదా, మీది 10/08 కన్నా ముందుదా తర్వాతదా తెలిస్తే మీ సర్వర్‌కు ఏ అడుగులు అక్కర్లేదో చెప్పగలను.